పల్లె సంఘం, పాక బడి: నల్లగొండ నేల మీద క్రైస్తవ సమాజం నడిచిన దారి

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగారు. బడి జ్ఞాపకాలు, గురువుల జ్ఞాపకాలు నాకంటే బాగా రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను మరో సంగతి ఎంచుకున్నాను. నార్కట్‌పల్లి చుట్టుపక్కల పల్లెల నుంచి మనతో పాటు నడిచి వచ్చి చదువుకున్న పిల్లల్లో కొందరు ఆదివారం పొద్దున వాడ చివరి చిన్న పాకలోకి వెళ్లేవాళ్లు. వాళ్లలో నేనొకణ్ని. మాలో చాలామంది తాతలు ‘అ ఆ’లు దిద్దుకున్నది అలాంటి పాకలోనే. ఆ పాకలు మన ప్రాంతంలోకి ఎలా వచ్చాయి, ఎలా నిలబడ్డాయి అన్నదే ఈ వ్యాసం.

సంఘం అనే మాట

మన జిల్లాలో ‘సంఘం’ అంటే రెండు అర్థాలు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే సంఘం అంటే ఆంధ్ర మహాసభ. 1944లో భువనగిరి సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యారు. సభ్యత్వ రుసుము ఒక్క అణాకు తగ్గింది. ఊరూరా సంఘం లేచింది, వెట్టి వద్దన్నది, దొరల గడీలకు ఎదురు నిలిచింది. మా వాడలో సంఘం అంటే ఆదివారం కూడే విశ్వాసుల గుంపు. ‘సంఘానికి పోతున్నం’ అని మా నాయనమ్మ అంటే ఏ సంఘమో తెలియక చుట్టాలు నవ్వేవారట. రెండూ వేరు వేరు దారులే. అయినా వెట్టి చేసేవాడు తలెత్తి ‘నేను రాను’ అనడం రెండింటిలోనూ ఉంది. పల్లె క్రైస్తవ సంఘాల్లో ఆ మాట అంతకు కొన్ని దశాబ్దాల ముందే వినబడింది.

కృష్ణ అవతలి కథ

కథ మొదలైంది నల్లగొండలో కాదు, నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగువాళ్ల మధ్యకు వచ్చి 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ల తరబడి ఫలితం కనబడలేదు. ఈ పని మూసేద్దామా అన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది.

దారి తెరిచింది దొరలు కాదు. యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగే మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తిరిగే ఊళ్లలో, బంధువుల ఇళ్లలో తాను విన్నది చెప్పాడు. కొత్త నమ్మకం ప్రచార సభల మీద కాక పెళ్లి సంబంధాల దారిలో, చుట్టరికాల దారిలో నడిచింది. తర్వాత మొదలైన సంఘాలు చాలావరకు ఇలాగే మొదలయ్యాయి.

ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ కొత్తవాళ్లకు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ పల్లెలో వీటి బరువు చాలా ఎక్కువ. చచ్చిన గొడ్డును ఎత్తేవాడు, జాతరలో డప్పు కొట్టేవాడు, పిలిచినప్పుడల్లా పనికి పోయేవాడు ‘ఇక రాను’ అంటే ఊరి కట్టుబాటే కదిలింది. బావి దగ్గర, పొలం దారిలో అడ్డంకులు వచ్చాయి. కూలి ఆగింది. మతం మారడం ఎంత కష్టమో ఆదివారం కూలికి పోకుండా ఇంట్లో కూర్చోవడం అంత కష్టం.

1876-78 కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించారు. కరవు పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. పనులు ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె లోకమంతా తెలుసు. వీళ్లకు మర్నాటి నుంచి బోధించేది ఎవరు, వీళ్ల పిల్లలకు చదువు చెప్పేది ఎవరు అన్న ప్రశ్న మాత్రం ఆ అంకెంత పేరు పొందలేదు. అసలు పని అక్కడే మొదలయింది.

నల్లగొండకు వచ్చిన రైతు బిడ్డలు

నైజాం రాజ్యంలో బాప్టిస్టుల పని 1870లలో సికింద్రాబాదులో మొదలై 1879లో హనుమకొండకు, 1885లో పాలమూరుకు పాకింది. నల్లగొండ వంతు 1890లో వచ్చింది. అక్కడ మిషను స్థాపించిన అబ్రహాము ఫ్రీసెన్, ఆయన భార్య మరియ అమెరికన్లు కారు, ఇంగ్లీషువాళ్లూ కారు. దక్షిణ రష్యాలో (నేటి ఉక్రెయిన్) జర్మన్ మాట్లాడే మెన్నోనైట్ రైతు కుటుంబాలవాళ్లు. మెన్నోనైట్లు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. యుద్ధంలో ఆయుధం పట్టరు. ఆ నమ్మకాల కోసం దేశాలు మారిన జనం. ఫ్రీసెన్ జర్మనీలోని హాంబర్గ్ బాప్టిస్టు సెమినరీలో చదివి, అమెరికన్ బాప్టిస్టు మిషను కింద పని చేయడానికి ఒప్పుకుని వచ్చారు. రష్యా పల్లెల్లో గోధుమలు అమ్మిన డబ్బు నల్లగొండ పల్లెల్లో ప్రచారకుల జీతంగా మారింది. ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు.

ఆయన తర్వాత కర్నేలియస్ ఉన్రూ నల్లగొండలో చాలాకాలం పనిచేశారు. సూర్యాపేటలో అబ్రహాము హ్యూబర్ట్ ఉన్నారు. ఫ్రీసెన్ సెలవు మీద అమెరికా వెళ్లి అక్కడి మెన్నోనైట్లకు తెలుగు పల్లెల సంగతి చెప్పడం వల్ల 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులతో వాళ్ల సొంత మిషను మొదలైంది. హైదరాబాదు మలక్‌పేట, నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, శంషాబాద్, జడ్చర్ల ఈ పేర్లన్నీ ఆ మిషను చరిత్రలోవే. 1907లో వచ్చిన డాక్టర్ కాథరీనా షెల్లెన్‌బర్గ్ దాదాపు నాలుగు దశాబ్దాలు ఇక్కడి ఆడవాళ్లకు వైద్యం చేసి 1945లో ఇక్కడే కన్నుమూశారు. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల కేంద్రాలు కూడా బాప్టిస్టుల నుంచి మెన్నోనైట్ బ్రెదరన్ చేతికి వచ్చాయి. ఒకరి ప్రాంతంలోకి ఇంకొకరు వెళ్లకూడదని మిషన్ల మధ్య ఒప్పందం ఉండేది. మెదక్‌లో వెస్లియన్లు, డోర్నకల్‌లో ఆంగ్లికన్లు పని చేశారు. మన పల్లెలో ఏ సంఘం ఉందన్నది చాలాసార్లు పటం మీద ఎవరో గీసిన గీతను బట్టి తేలింది.

ఒక పల్లె సంఘం ఎలా నిలబడేది

దొర బంగళాలో ఉంటాడు. ఏడాదిలో చలికాలం నెలల్లో డేరాలు వేసుకుని పల్లెలు తిరుగుతాడు. మిగతా కాలమంతా సంఘాన్ని మోసింది తెలుగువాళ్లే. ప్రచారకుడు నాలుగైదు ఊళ్లు చూసుకునేవాడు. ఊళ్లో ఉండే పంతులు పగలు పిల్లలకు, రాత్రి లాంతరు కింద కూలి నుంచి వచ్చిన పెద్దలకు చదువు చెప్పి, ఆదివారం ప్రార్థన నడిపేవాడు. ఒకే పాక వారంలో ఆరు రోజులు బడి, ఏడో రోజు గుడి. బైబిలు స్త్రీ ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లకు పాటలు, కథలు నేర్పేది. బయట పేర్లు నిలిచింది దొరలవే. పంతుళ్లలో, బైబిలు స్త్రీలలో పేరు మిగిలినవాళ్లు తక్కువ.

కానుక అంటే డబ్బు కాదు. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యమో జొన్నలో విడిగా కుండలో వేసేవారు. వారానికి ఆ కుండ నిండితే పంతులు ఇల్లు గడిచేది. మా నాయనమ్మ చివరి రోజుల వరకూ ఆ పిడికెడు తీసింది. చదువు రాదు. అయినా పురుషోత్తమ చౌదరి కాలం నుంచి వచ్చిన కీర్తనలు ఎన్నో నోటికి వచ్చు. ఆమెకు బైబిలు అంటే పాటే.

డబ్బు ఆగినప్పుడు

1914లో యుద్ధం వచ్చింది. 1917లో రష్యా విప్లవం వచ్చింది. అక్కడి మెన్నోనైట్ల నుంచి డబ్బు ఆగిపోయింది. పంపినవాళ్లే ఆకలితో అల్లాడారు. మిషనరీల భారం అమెరికన్ బాప్టిస్టులు తీసుకున్నారు. పల్లెల్లో మాత్రం జీతగాడు ఉన్నచోట ఒకలా, సొంత పెద్దలు ఉన్నచోట మరోలా ఫలితం వచ్చింది. బయటి డబ్బు మీద నడిచే సంఘం ఆ డబ్బుతోనే ఆగుతుంది, పిడికెడు బియ్యం మీద నడిచేది ఆలస్యంగానైనా నడుస్తుంది.

ఈ పాఠం ముందే గ్రహించినవారిలో వి.ఎస్. అజరయ్య ఒకరు. తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో 1903లో మిషను పెట్టి తెలుగు పల్లెలకు మనుషులను పంపారు. 1912లో డోర్నకల్ బిషప్పు అయిన అజరయ్య, కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడిచేత తల మీద చేయి పెట్టించి, తాను విన్నది ఇంకొకరికి చెప్తానని మాట తీసుకునేవారు. సువార్త జీతగాడి పని కాదు, ఇంటివాడి పని అన్నమాట. ఇంకోవైపు భక్తసింగ్ 1950 నుంచి హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా, విదేశీ మిషను అండ లేకుండా, స్థానిక పెద్దలతోనే నడిచే సహవాసాలు కట్టారు. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడి పాత మిషను బాధ్యతలు తెలుగువాళ్ల చేతికి వచ్చాయి. కతోలిక సంఘానికి నల్లగొండ మేత్రాసనం 1976 మే 31న ఏర్పడింది.

నమ్మకం పెరిగేది ఎక్కడ?

శంషాబాద్‌లో పుట్టి పెరిగిన మిషనరీ బిడ్డ పాల్ హీబర్ట్ తర్వాత మానవశాస్త్రవేత్త అయ్యారు. పాలమూరు జిల్లా పల్లె మీద ఆయన రాసిన ‘కొండూరు’ 1971లో వచ్చింది. ఆయన చెప్పిన ఒక సంగతి నన్ను వదలదు. ఒక పల్లెకు మశూచి వచ్చింది. మైసమ్మకు దున్నపోతును బలి ఇవ్వాలని ఊరంతా చందా వేసుకుంది. క్రైస్తవులు ఇవ్వమన్నారు. ఊరు వెలివేసినంత పని చేసింది. ఆ తర్వాత క్రైస్తవుల పిల్లకే మశూచి పోసింది. ప్రార్థన చేశారు. పిల్ల చనిపోయింది. అయినా ఆ సమాధి దగ్గర తమకున్న ఆశను ఊరు చూసిందని సంఘ పెద్ద చెప్పాడట.

బాప్తిస్మం ఒక పూటలో అవుతుంది. జ్వరం వచ్చిన రాత్రి ఎటు పరుగెత్తాలో తెలియడానికి తరం పడుతుంది. మన ఇళ్లలోనూ పొద్దున ప్రార్థన, పొద్దుగూకాక పిల్లకు దిష్టి తీయడం రెండూ సాగాయి. దీన్ని వేషధారణ అని తిట్టిన బోధకులు ఉన్నారు. ఓపికగా పక్కన కూర్చున్న పంతుళ్లూ ఉన్నారు. సంఘాలు నిలబడింది రెండో రకం వాళ్ల వల్ల.

రిజిస్టరులో ఒక గడి

నన్ను బడిలో చేర్పించిన రోజు పంతులుగారు మతం అన్న గడి దగ్గర కలం ఆపి ‘ఏం రాయాలె?’ అని అడిగారు. నాయన కొంతసేపు మాట్లాడలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వచ్చింది. క్రైస్తవులకు రాలేదు. 1970లో మన రాష్ట్రం దళిత క్రైస్తవులను బీసీ ‘సి’ గ్రూపులో పెట్టి 1 శాతం ఇచ్చింది. మతం మారినా వాడ మారలేదు, బావి మారలేదు. గడిలో మాట మారితే స్కాలర్‌షిప్పు, హాస్టలు పోతాయి. చివరికి నాయన ‘హిందూ అని రాయండి సార్’ అన్నాడు. బడిలో నాది ఒక పేరు, సంఘం పుస్తకంలో ఇంకో పేరు. రెండు పేర్లతో పెరిగిన పిల్లలు మన తరగతుల్లో చాలామంది ఉన్నారు. అందుకే జనాభా లెక్కల అంకెలు చూసి మన పల్లెల్లో క్రైస్తవులు ఎందరో చెప్పలేం. ఈ ప్రశ్న మీద కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఎవరి అభిప్రాయం ఏదైనా, ఆ రోజు నాయన నోట మాట రాక నిలబడిన క్షణం మాత్రం నాకు చరిత్రే.

ఇవాళ

ఇప్పుడు హైవే వెంట కొత్త ప్రార్థనా మందిరాలు చాలా కనబడతాయి. కొన్ని నిజంగా కొత్తవాళ్లను చేర్చుకున్నవి, కొన్ని పాత సంఘంలో ఎన్నికల గొడవతోనో కానుకల లెక్కతోనో చీలినవి. మైకు పెద్దదవుతోంది. పిల్లలకు వాక్యం కంఠతా పట్టించే ఆదివారపు బడి చిన్నదవుతోంది. కొత్త సంఘం మొదలుపెట్టేవాళ్లను నేనడిగేది ఒక్కటే: ‘ఈ ఊళ్లో మీ పంతులు ఎవరు?’

చివరగా ఒక విన్నపం. మన ఊళ్ల పాత సంఘాల బాప్తిస్మ పుస్తకాలు, పెళ్లి పుస్తకాలు, సభ తీర్మానాల నోటు పుస్తకాలు ట్రంకు పెట్టెల్లో చెదపట్టి పోతున్నాయి. పంతుళ్ల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు ఉన్నది వాటిలోనే. మీ ఊళ్లో అలాంటి పుస్తకం ఉంటే ఫోనుతో ఒక్కో పేజీ ఫొటో తీసి మన సంఘానికి ఇవ్వండి. ఎనభై దాటిన అమ్మలు ఎవరైనా ఉంటే పక్కన కూర్చుని వాళ్ల పాట రికార్డు చేయండి. మా నాయనమ్మ పాటలు నేను రికార్డు చేయలేదు. ఆమె పోయాక వాటిలో సగం నాకు గుర్తు రాలేదు.