పేరు ఇక్కడొకటి, అక్కడొకటి: రెండు కాలమ్‌లలో కలవని రికార్డులు పట్టుకోవడం ఇలా

స్కాలర్‌షిప్ దరఖాస్తులు చాలావరకు రెండు కాలమ్‌ల దగ్గరే ఆగిపోతున్నాయి. ఒకదాంట్లో ఆధార్ ప్రకారం పేరు, ఇంకోదాంట్లో బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు. మన వాళ్లకు ఈ తిప్పలు కాస్త ఎక్కువే. ఆధార్‌లో మొహమ్మద్ అని పూర్తిగా ఉంటే పాస్‌బుక్‌లో ‘ఎండీ’ అని ఉంటుంది. టెన్త్ మెమోలో షేక్ ముందుంటే ఇంకోచోట చివర ఉంటుంది. ఉర్దూలో ఒకే రకంగా రాసే పేరుకు ఇంగ్లీషులో నాలుగు స్పెల్లింగులు.

స్కూళ్లలో, మొహల్లా హెల్ప్ డెస్క్‌లలో ఇలాంటి జాబితాలు వందల పేర్లతో ఉంటాయి. వాటిలో కలవని పేర్లు మాత్రమే ఫిల్టర్ చేయడం పెద్ద విద్యేం కాదు. బీకాంలో బ్యాంక్ రీకన్సిలియేషన్ చేసిన వాళ్లకు తెలిసిందే. క్యాష్ బుక్ ఒక పక్క, పాస్ బుక్ ఒక పక్క పెట్టుకుని కలిసినవాటికి టిక్ కొట్టేస్తాం. టిక్ పడనివే మన పని.

రెండు పేర్లూ ఒకే షీట్‌లో పక్కపక్కనే ఉంటే ఎక్సెల్ చాలు. పేర్లు బీ, సీ కాలమ్‌లలో ఉన్నాయనుకుందాం. డీ2 సెల్‌లో ఈక్వల్ గుర్తు పెట్టి బీ2<>సీ2 అని కొట్టి కిందికి లాగండి. తేడా ఉన్నచోట ‘ట్రూ’ వస్తుంది. ఫిల్టర్ పెట్టి ట్రూ మాత్రమే ఉంచితే సరిపోతుంది. ఎక్సెల్ ఈ పోలికలో చిన్న బడి, పెద్ద బడి అక్షరాల తేడా పట్టించుకోదు. అది కూడా కావాలంటే ‘ఎగ్జాక్ట్’ ఫంక్షన్ వాడాలి.

జాబితాలు రెండు వేర్వేరు ఫైళ్లలో ఉంటే మాత్రం పక్కపక్కన కాపీ చేసి పోల్చకండి. మధ్యలో ఒక్క వరుస జారితే దాని కింద ఉన్న వాళ్లంతా తేడాగానే కనిపిస్తారు. ముందు దరఖాస్తు నంబర్‌తో రెండింటినీ జత చేయాలి, తర్వాతే పేరు పోల్చాలి. పవర్ క్వెరీలో ‘మర్జ్ క్వెరీస్’ ఆ పని చేస్తుంది. అందులోనే ‘లెఫ్ట్ యాంటీ’ ఎంచుకుంటే మొదటి జాబితాలో ఉండి రెండో దాంట్లో లేనివాళ్లు, ‘రైట్ యాంటీ’తో రెండో దాంట్లో మాత్రమే ఉన్నవాళ్లు వస్తారు. రెండూ చూడాలి. పవర్ క్వెరీకి చిన్న బడి, పెద్ద బడి అక్షరాలు వేర్వేరు. అందుకే ఎక్సెల్ కలిసిందన్న పేరును అది కలవలేదనొచ్చు.

అసలు గండం ఖాళీ సెల్. ఒకసారి ఒక హెల్ప్ డెస్క్‌లో కూర్చుని రిపోర్టు తీశాను. కలిసినవాళ్ల జాబితా ఒకటి, కలవనివాళ్లది ఒకటి. కలవనివాళ్లందరికీ ఫోన్లు చేశాం, పని అయిపోయిందనుకున్నాం. తర్వాత ఒక అమ్మాయి వచ్చి ‘భాయ్, నా పేరు ఏ లిస్టులోనూ లేదు’ అంది. నిజమే, లేదు. ఆమె బ్యాంకు పేరు కాలమ్ ఖాళీ.

ఎందుకిలా అయింది? డేటాబేస్‌లో ఖాళీని ‘నల్’ అంటారు. నల్‌ను దేనితో పోల్చినా సమాధానం అవును కాదు, కాదు కూడా కాదు, ‘తెలియదు’. కాబట్టి సమానం అని అడిగినా, సమానం కాదు అని అడిగినా ఎస్‌క్యూఎల్ ఆ వరుసను ఇవ్వదు. క్రిస్టల్ రిపోర్ట్స్‌లోనూ అంతే. రికార్డ్ సెలక్షన్ ఫార్ములాలో ఒక ఫీల్డ్<>ఇంకో ఫీల్డ్ అని మాత్రమే రాస్తే నల్ ఉన్న రికార్డు చడీచప్పుడు లేకుండా రాలిపోతుంది. ముందు ‘ఈజ్‌నల్’ షరతు రాసి, ఆ తర్వాత ‘ఆర్’ పెట్టి తేడా షరతు రాయాలి. ఈ వరుస తారుమారైతే ఫలితం ఉండదు, ఎందుకంటే నల్ తగలగానే ఫార్ములా అక్కడే ఆగిపోతుంది. ఎక్సెల్‌లో ఈ బాధ తక్కువే. ఒకవైపు ఖాళీ ఉంటే తేడాగానే చూపిస్తుంది. రెండు వైపులా ఖాళీ ఉంటే మాత్రం ‘కలిసింది’ అంటుంది, అది మరీ అన్యాయం.

కంటికి ఒకేలా కనిపించి కలవనివి ఇంకో రకం. చివర స్పేస్ ఉంటే ‘ట్రిమ్’ తీసేస్తుంది. వెబ్ పేజీ నుంచి కాపీ చేసినప్పుడు వచ్చే స్పేస్ వేరు, దాని కోడ్ 160, ట్రిమ్‌కు లొంగదు. ‘సబ్‌స్టిట్యూట్’తో మార్చాలి. ఉర్దూ కాలమ్‌లలో ఇంకో తమాషా ఉంది. ఉర్దూ కీబోర్డుపై కొట్టిన కాఫ్, యే అక్షరాలకూ అరబిక్ కీబోర్డుపై కొట్టినవాటికీ యూనికోడ్ నంబర్లు వేరు. పదం మధ్యలో చూస్తే తేడా తెలియదు, కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు అక్షరాలు. తెలుగులో పొల్లు తర్వాత వచ్చే కనిపించని జాయినర్ అక్షరమూ ఇదే పని చేస్తుంది.

ఖాతా నంబర్లది దీనికి రివర్స్ సమస్య. ఎక్సెల్ అంకెల్లో 15 వరకే గుర్తుంచుకుంటుంది, ఆపై ఉన్నవాటిని సున్నాలు చేసేస్తుంది. అంటే 16 అంకెల వేర్వేరు ఖాతాలు రెండు ఒకటే అయిపోవచ్చు. నంబర్లు కొట్టకముందే ఆ కాలమ్‌ను ‘టెక్స్ట్’ చేయండి, ముందున్న సున్నాలు కూడా బతుకుతాయి.

దగ్గరి స్పెల్లింగులను కలిపే ‘ఫజీ మ్యాచింగ్’ సదుపాయం పవర్ క్వెరీలో ఉంది. మన జాబితాల్లో దాన్ని నేను నమ్మను. ఒకే వీధిలో ఒకే పేరుతో ముగ్గురు ఉండే చోట అది ఒకరి ఖాతాను ఇంకొకరికి అంటగడుతుంది. ఎవరిని ముందు అడగాలో తెలుసుకోవడానికి వాడుకోండి, పేర్లు దిద్దడానికి వద్దు. శుభ్రం చేసిన పేర్లు కొత్త కాలమ్‌లో పెట్టండి, అసలు కాలమ్‌లను ముట్టుకోవద్దు. ఏ పేరు సరైనదో చెప్పాల్సింది విద్యార్థి కాగితాలు. ఆధార్ నంబర్లున్న షీట్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, దరఖాస్తు నంబర్ చాలు.

ఫోన్లు మొదలుపెట్టే ముందు లెక్క చూసుకోండి. 200 దరఖాస్తులుంటే, కలిసినవి 150, కలవనివి 38 వస్తే మిగతా 12 ఎక్కడున్నాయో వెతకాలి.