యంత్రచాలకుల జీతము, పేరు

కలకత్తా మహానగరమునకు తూర్పున, రాజార్‌హాట్ పొలములలో వెలసిన న్యూ టౌన్‌కు ఇంకను మూడు దశాబ్దములు నిండలేదు. 1999లో హిడ్కో సంస్థ ఏర్పడిన పిమ్మట వరిచేలు, చేపల చెరువులు ఉన్న చోట వెడల్పైన వీథులు, ఎత్తైన కార్యాలయములు లేచినవి. వానిలో ఒకటి కోల్ భవన్, అనగా కోల్ ఇండియా సంస్థ ప్రధాన కార్యాలయము. దాని ముంగిట బొగ్గు నలుసైనను కానరాదు, యంత్రపు రొద వినరాదు. అయినను దేశమున గనియంత్రములు నడపి బ్రదుకు కుటుంబముల జీతములు ఆ భవనముతో ముడివడియున్నవి. బొగ్గు కార్మికుల జాతీయ వేతన ఒప్పందములు కోల్ ఇండియాకే గాక మన సింగరేణికిని వర్తించును. గోదావరిఖనిలో డంపరు నడపు ఆపరేటరు జీతపు చీటీలోని అంకెలకు మూలము ఆ ఒప్పందములే.

2023 మే 20న పదునొకండవ ఒప్పందముపై సంతకములు జరిగినవి. 2021 జూలై 1 నుండి అయిదేండ్ల కాలమునకు వర్తించు ఆ ఒప్పందము కార్మికుల రాబడిపై 19 శాతము హెచ్చింపునకు హామీ యిచ్చెను. దానితో పై తరగతి కార్మికులలో కొందరి జీతము క్రింది తరగతుల అధికారుల జీతమును మించుచున్నదని అధికారులు కోర్టుకెక్కిరి. ఆ యేడు ఆగస్టులో మధ్యప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఒప్పందమునకు బొగ్గు మంత్రిత్వశాఖ యిచ్చిన ఆమోదమును కొట్టివేసెను. అప్పీలులో ఆ తీర్పు అమలు నిలిచినది. పే కమిషన్ నివేదికలకై ఎదురుచూచుటయు, అనామలీ కమిటీలకు అర్జీలు పెట్టుకొనుటయు ఎరిగిన కేంద్రోద్యోగుల ఇండ్లలో ఇట్టి తగవు వింతగా తోచదు. కాని దీని వెనుక మరియొక ప్రశ్న దాగియున్నది. పట్టా పుచ్చుకొని వచ్చిన ఇంజనీరు కంటె, మీటలు పట్టుకొని కూర్చుండు ఆపరేటరునకు హెచ్చు జీతమేల? ఆ మాట పైకి అనినవారు కొందరే యైనను, మనసులో అనుకొనువారు పెక్కురు.

ఈ ప్రశ్నకు చరిత్ర చెప్పు సమాధానము కలకత్తాలోనే మొదలగుట గమనింపదగినది. 1855లో హుగ్లీ తీరమున రిష్రాలో తొలి జనపనార మిల్లు వెలసెను. ఆవిరియంత్రములు నగరమున ఒక్కొక్కటిగా హెచ్చినవి; వానిని కాపాడు చట్టము మాత్రము లేదు. బాయిలరునకు నిప్పు వేయువానిని ఒక కూలిగానే ఎంచిరి. 1863లో కలకత్తాలో ఒక బాయిలరు ప్రేలి పలువురు ప్రాణములు కోల్పోయిరి. దాని ఫలితముగా 1864లో బెంగాలు శాసనసభ ఆవిరి బాయిలర్ల తనిఖీకై చట్టము చేసెను. భారతదేశమున ఇట్టి చట్టములకు అదియే మొదలు. తరువాత రాష్ట్రమునకొక చట్టముగా నడచి, చివరకు 1923లో దేశమంతటికి ఒకే చట్టము వచ్చెను. అది 1924 జనవరి 1 నుండి అమలయ్యెను. ఒక నూరేండ్లు దాటి, 2025లో పార్లమెంటు దాని స్థానమున క్రొత్త చట్టము చేసినది. ఈ చట్టములు, వాని క్రింద వచ్చిన నిబంధనలు స్థిరపరచిన వానిలో ఒకటి ఏమనగా, పరీక్ష నెగ్గి యోగ్యతాపత్రము పొందిన అటెండెంటు లేక బాయిలరు నడుపరాదు. నిన్నటి కూలి ఆనాటి నుండి సర్టిఫికెట్టు గల మనిషి అయ్యెను. ఆ గౌరవము ఎవరి దయవలనను వచ్చినది కాదు.

అంత పరీక్ష యెందులకు? బాయిలరు ముందు నిలుచువాని పని చూచుటకు సులువు. గాజుగొట్టములో నీటిమట్టము చూడవలెను, పీడనపు ముల్లు చూడవలెను, మంట చూడవలెను. దినమంతయు చూచుటయే పని. ఇంటివద్ద పాలు కాచునట్టి ఇల్లాలికి ఈ చూపు విలువ తెలియును. పొయ్యి దగ్గర పదినిముషములు ఊరక నిలబడినట్లు కనబడును గాని, ఒక్కసారి కన్ను మరల్చినచో పాలు పొంగును. బాయిలరులో నీరు తగ్గినచో నిప్పు తగులు రేకు ఎఱ్ఱబడి మెత్తబడును. అప్పుడు ఎరుగనివాడు కంగారుపడి వెంటనే నీరు పెట్టబోవును. ఎరిగినవాడు ముందు మంట ఆపును. ఏండ్ల తరబడి ఇచ్చిన జీతములో అధికభాగము ఆ ఒక్క నిముషపు తెలివికే అనిన తప్పు లేదు. ఆ నిముషము ఒక్కసారియు రాకుండ పదవీవిరమణ చేసినవాడు మరింత మంచి పనివాడు. కాని అతనికి ఏ పతకమును దొరకదు.

గంజాము, విశాఖపట్టణ మండలముల నుండి తెలుగువారు వేలసంఖ్యలో వచ్చి టిటాగఢ్ మొదలగు చోట్ల జనపనార మిల్లులలో కుదిరిరి. బెంగాల్ నాగపూర్ రైల్వే వారి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు తెలుగు పనివారికి మరొక పుట్టినిల్లు వంటిదయ్యెను. 1927లో అచ్చట ఉద్యోగముల తగ్గింపుపై రేగిన పోరాటమున ముందు నిలిచినవాడు వరాహగిరి వేంకటగిరి. తరువాత 1969లో రాష్ట్రపతి అయిన ఆ మహనీయుని పేరు యంత్రకార్మికుల వేతనచరిత్రలో ఈ విధముగా చేరినది. యంత్రము నడుపు చేతికి లెక్క యుండవలెనన్న వాదమునకు బెంగాలు నేలపై తెలుగు గొంతు ముందే కలసినదన్నమాట.

గనులలో ఈ విషయము మరింత స్పష్టముగా కనబడును. 1889 నుండి బొగ్గు తీయుచున్న సింగరేణి ప్రాంతమున లోతైన బావులలోనికి మనుష్యులను దింపు వైండింగ్ ఇంజను డ్రైవరును గూర్చి చెప్పుకొన్న చాలును. అతడు పైన గదిలో కూర్చుండును. కేజిలో దిగువారు అతనికి కనబడరు. అతడు వారికి కనబడడు. గంట ఎన్నిసార్లు మ్రోగినదో లెక్కించి, తిరుగు డ్రమ్ముపై గుర్తు చూచి, బ్రేకు పట్టవలెను. కేజిలో బొగ్గు ఉన్నదా, మనుష్యులు ఉన్నారా అన్నది ఆ గంటల లెక్కయే చెప్పును. అతడు ప్రభుత్వపు పరీక్ష నెగ్గి సర్టిఫికెట్టు పొందిన పిమ్మటనే ఆ కుర్చీలో కూర్చుండవలెనని గని నిబంధనలు. కేజి హద్దు దాటి పైకి పోకుండ స్వయముగా ఆపు సాధనములు ఉన్నవి. అయినను మనిషిని తీసివేయలేదు. ఎందుకో బావిలోనికి దిగు వారిని అడిగిన తెలియును.

జాతీయీకరణకు పూర్వము గని కూలి బ్రదుకు దుర్భరము. బొగ్గు వేతన మండలి సిఫారసులు 1967 ఆగస్టు 15 నుండి వర్తించినవి గాని అమలు చేయని యజమానులు పెక్కురుండిరి. 1973లో గనులు ప్రభుత్వపరమై, 1975లో తొలి జాతీయ ఒప్పందము వచ్చిన పిమ్మట స్థితి మారెను. ఓపెన్‌కాస్టు గనులు పెరిగిన కొలది ‘ఎక్స్‌కవేషన్’ తరగతి ఆపరేటర్లు ప్రత్యేకవర్గముగా ఏర్పడిరి. ఛత్తీస్‌గఢ్‌లోని గెవ్రా గనిలో నేడు 240 టన్నులు మోయు డంపర్లు తిరుగుచున్నవి. అంత బండి చక్రమునకు దగ్గరగా జీపు నిలిచినను పై గదిలోని వానికి కనబడదు. వానలో బురదయైన ఏటవాలు దారిలో, రాత్రి మూడవ షిఫ్టులో దానిని దింపువాని జీతమును కార్యాలయపు బల్లపై కొలుచుట కష్టము.

అట్లని ఆపరేటర్లందరును దోషరహితులని చెప్పరాదు. గైరుహాజరు, ఓవర్‌టైముపై ఆశ, షిఫ్టు చివర ముందుగా యంత్రమాపుట అన్నవి గనులలో అందరెరిగిన సంగతులే. భారీ యంత్రములను తగినంతగా వినియోగించుట లేదని కాగ్ తన నివేదికలలో తప్పుపట్టినది. కాని యంత్రమాగినచో తప్పంతయు ఆపరేటరుదే యని తలచుట అన్యాయము. విడిభాగము రాదు, పేలుడు సకాలమున జరుగదు, దారి చెడును. అన్నిటికిని కుర్చీలో ఖాళీగా కనబడువాడు అతడే. చెడ్డపేరు కంటికి కనబడువానికే ముందుగా అంటును.

ఆ చెడ్డపేరు ఎంత దూరము పోవునో భోపాలు చూపినది. 1984 డిసెంబరు 2–3 రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారమున విషవాయువు వెలువడెను. అంతకు ముందే ఖర్చు తగ్గింపులో భాగముగా ఆ విభాగమున షిఫ్టునకు పండ్రెండుగురున్న పనివారిని ఆరుగురిగా కుదించిరి. చల్లదన మిచ్చు యంత్రమును నెలల ముందే ఆపిరి. వాయువును కాల్చు గోపురము మరమ్మతులో నుండెను. ఆ రాత్రి పదకొండున్నర ప్రాంతమున కండ్లు మండుట పనివారు గ్రహించిరి; తేనీటి విరామము తరువాత చూతమనుకొనిరి. ఈ జాప్యము నిజమే, దానిని కప్పిపుచ్చనక్కరలేదు. కాని కంపెనీ ఏమనెను? అసంతృప్తి గల ఒక కార్మికుడు కావలెననియే నీరు కలిపెనని వాదించెను. ఆరుగురి జీతము మిగుల్చుకొన్నవారు వేలమంది చావునకు ఒక ఆపరేటరును బాధ్యుని చేయజూచిరి. జీతము ఇచ్చునప్పుడు ‘మీట త్రిప్పువాడే గదా’ అనుట, ప్రమాదము జరిగినప్పుడు ‘అంతయు వాని చేతిలోనే ఉండెను’ అనుట: ఈ రెండు మాటలు ఒకే నోట పొసగవు.

కనుక 2023 నాటి తగవులో అధికారుల బాధ న్యాయమైనదే కావచ్చును; దానికి మందు అధికారి జీతము సరిచేయుట గాని ఆపరేటరు జీతము కోయుట కాదు. అసలు అన్యాయము మరియొక చోట ఉన్నది. నేడు గనులలో మట్టి తీయు పనిలో పెద్దభాగము కాంట్రాక్టర్లది. ఆ డంపర్లు నడుపువారికి జాతీయ వేతన ఒప్పందము వర్తించదు. కోల్ ఇండియా గనులలో వారికై ఉన్నతాధికార సంఘము నిర్ణయించిన కూలి 2013 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. అది పర్మనెంటు వాని జీతమునకు చాల తక్కువ. ఆ పాటి కూలియైనను తమకు ఇమ్మని సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబరులో సమ్మె చేసిరి. ఒకే గనిలో, ఒకే ఏటవాలున, అదే దుమ్ములో రెండు బండ్లు దిగుచుండును. ఒక బండిలో కూర్చున్నవాని జీతము ఎక్కువయ్యెనని కోర్టులో వాదన జరిగెను. రెండవవాని జీతమును గూర్చి ఆ వాదనలో ప్రస్తావన లేదు.