మాటలు నేర్పడం అమ్మలకు నేర్పిన సంస్థ

మనోవికాస్ నగర్ సంస్థకు నలభై ఏళ్లు నిండిన సందర్భంగా ప్రత్యేక సంచిక తెస్తున్నాం, అందులో ఉత్తరాంధ్ర తల్లుల తరఫున నాలుగు ముక్కలు రాయమన్నారు కమిటీ పెద్దలు. కాదనలేకపోయాను.

1984లో కేంద్ర ప్రభుత్వం సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థను నెలకొల్పింది. ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నా మా నోట ఎన్‌ఐఎంహెచ్ అనే వస్తుంది. అంతకుముందు జంటనగరాల్లో ఇలాంటి సేవ లేదని కాదు. ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968 నుంచీ, స్వీకార్ 1977 నుంచీ పనిచేస్తున్నాయి. దేశం మొత్తానికీ పనికొచ్చే పద్ధతులు తయారుచేయడం, టీచర్లకు శిక్షణ ఇవ్వడం ఎన్‌ఐఎంహెచ్ నెత్తిన వేసుకుంది. డాక్టర్ డి.కె. మీనన్ డైరెక్టరుగా ఉన్న కాలంలోనే రీటా పెషావారియా, వెంకటేశన్ గార్లు 1992లో మన పిల్లల కోసమే బేసిక్-ఎంఆర్ అనే కొలమానం తెచ్చారు. జయంతీ నారాయణ్ గారు స్పెషల్ టీచర్లకు పాఠ్య ప్రణాళికలు దిద్దిపెట్టారు. పళ్లు తోముకోవడం, తినడం, బట్టలు వేసుకోవడం ఇంట్లో ఎలా నేర్పాలో చెప్పే చిన్న పుస్తకాలు కూడా ఈ సంస్థవే.

మా బాబుకు మాటలు రాలేదంటే చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: "వస పోయలేదా?" వాళ్ల తాతక్కూడా ఆలస్యంగానే వచ్చాయిలే అనేవారు కొందరు. ఒక స్కూలువాళ్లయితే వాణ్ణి చూడగానే సీట్లు లేవన్నారు. చివరికి ఎన్‌ఐఎంహెచ్‌కు బయల్దేరాం. సాయంత్రం దువ్వాడలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి సికింద్రాబాద్. అక్కడ మాకు దొరికిన స్పీచ్ టీచరమ్మ ముందు పిల్లాణ్ణి కాదు, నన్ను పట్టుకున్నారు. వాడు నీళ్ల సీసా వైపు చూడగానే నా చెయ్యి దానిమీదికి వెళ్లింది. "ఆగండమ్మా, వాణ్ణి అడగనివ్వండి" అన్నారు. వాడు బల్ల గుద్దాడు, ఏడ్చాడు, చివరికి "నీ" అన్నాడు. ఆవిడ గుక్కెడే పోశారు. మళ్లీ అడగాలిగా మరి! వాడు "నీళ్లు" అనడం వచ్చాక నేను "చల్ల నీళ్లు" అనాలి, వాడి మాటకు ఒక్క మాటే చేర్చాలి. చొక్కా గుండీలన్నీ నేను పెట్టి చివరిది వాడికి వదలాలి. పని పూర్తిచేసిన మెప్పు వాడికి దక్కాలట. ఆ పద్ధతులే నేటికీ మా ఇంట్లో నడుస్తున్నాయి.

1995 వికలాంగుల చట్టం, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం, 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాయి. సంస్థ పెరిగింది, కోర్సులు పెరిగాయి.

అసలు పరీక్ష 2020 మార్చిలో కోవిడ్ లాక్‌డౌన్‌తో వచ్చింది. రైళ్లు లేవు, థెరపీ లేదు. ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ ఇట్టే ఆపడానికి వీల్లేదు కాబట్టి మగవాళ్లు షిఫ్టులకు వెళ్లారు. రోజూ జరిగేది జరగకపోతే మన పిల్లలు తట్టుకోలేరని తెలిసిందే. చేతులు కొరుక్కున్నారు, నిద్ర మానేశారు. దువ్వాడ, కూర్మన్నపాలెం, గాజువాక తల్లులం వాట్సాప్‌లో కలిశాం. మేం నేర్పే తీరు వీడియో తీసి పంపితే థెరపిస్టులు ఫోన్లో దిద్దేవారు. థెరపీ గదులు తెరిచాక మాస్కులు అడ్డం. పెదాలు కనిపించకుండా "ప", "బ", "మ" ఎలా నేర్పుతారు? పిల్లలకు నేర్పడంలో ముందే కోచింగ్ తీసుకున్న అమ్మలు లేకపోతే ఎందరు పిల్లలు ఉన్న మాటలూ పోగొట్టుకునేవారో.

కృతజ్ఞతలు చెప్పుకోవాల్సినవాళ్లు చాలామంది. స్పెషల్ టీచర్లు, స్పీచ్, ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, సైకాలజిస్టులు, ఆయాలు, డ్రైవర్లు, పేర్లు బయటికి రాని దాతలు. తల్లిదండ్రుల సంఘాలను ఒక్కతాటి మీదికి తెచ్చిన పరివార్. విశాఖలో లెబెన్‌షిల్ఫే సంస్థ. ఉక్కునగరంలో అరుణోదయ స్పెషల్ స్కూలును నడిపే విశాఖ ఉక్కు మహిళా సమితి. అందరికీ వందనాలు.

పండగపూట అనకూడదేమో గానీ ఒక మాట. రాష్ట్రం విడిపోయి సంస్థ తెలంగాణలో ఉండిపోయింది. దాని కింద మన రాష్ట్రానికి వచ్చిన ప్రాంతీయ కేంద్రం నెల్లూరుకు వెళ్లింది. శ్రీకాకుళం తల్లికి సికింద్రాబాద్ ఎంత దూరమో నెల్లూరూ దాదాపు అంతే దూరం. ఇంకొకటి, పేరుకు తల్లిదండ్రుల కోచింగ్ అయినా గదిలో కూర్చున్నది తల్లులమే. ఉద్యోగాలు మానుకున్నదీ మేమే. నాన్నలకు సెలవు దొరకదన్న మాట అందరూ ఒప్పేసుకున్నారు.

2034లో స్వర్ణోత్సవం. ఆలోగా విశాఖలో ఒక కేంద్రం రావాలి, కోచింగ్‌కు తండ్రి రావడం తప్పనిసరి చేయాలి. ఈ రెండూ తీర్మానంగా రాసి పంపమని కమిటీని కోరుతున్నాను.