రారాజు చేతికి పాచికలు

పల్నాడు పిల్లలకు జూదమంటే ముందు పాచికలు గుర్తు రావు, కోడిపుంజు గుర్తొస్తుంది. గురజాలకూ మాచర్లకూ మధ్య పందెం, ఓడినవాళ్లకు ఏడేళ్ల వలస, గడువు తీరి తిరిగొస్తే రాజ్యం ఇవ్వమనడం, చివరికి కారంపూడిలో కత్తులు దూయడం. భారతం చదవకముందే సగం భారతం తెలిసిపోతుంది ఇక్కడ. గురజాల మంత్రి నాగమ్మను తిట్టాలన్నా మెచ్చుకోవాలన్నా పక్కన శకుని పేరు పడాల్సిందే. తెలుగు సినిమా శకుని కూడా ఈ నేల మీద పుట్టినవాడే కావడం కాకతాళీయమే అనుకోండి, కానీ చెప్పుకోవడానికి బాగుంటుంది.

ఆ శకుని వేషం కట్టిన ధూళిపాళ సీతారామశాస్త్రిగారిది పల్నాటి దాచేపల్లి. కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టారు. తర్వాత గుంటూరు కోర్టులో గుమస్తా ఉద్యోగం. పగలు ఫైళ్లు, రాత్రి పద్యాలు. ఆ రోజుల్లో కోస్తా జిల్లాల నాటకాలవాళ్లలో చాలామంది బతుకు అలాగే గడిచింది; జీతం ఇల్లు నడపడానికి, వేషం మనసు నిలవడానికి. ఆయనకు మొదట పేరు తెచ్చింది శకుని కాదు, దుర్యోధనుడు. మద్రాసులో జరిగిన నాటక పోటీల్లో ఆ వేషం చూసి నటి జి. వరలక్ష్మి దర్శకుడు బి.ఎ. సుబ్బారావుకు చెప్పారు. అలా 1962లో వచ్చిన ‘భీష్మ’లో రారాజు అయ్యారు. మరుసటి ఏడాది ‘నర్తనశాల’లోనూ ఆయనే రారాజు.

ఇక్కడ కథ మలుపు తిరిగింది. ‘శ్రీకృష్ణపాండవీయం’ తీస్తూ ఎన్.టి. రామారావు కృష్ణుడి వేషంతో పాటు దుర్యోధనుడి వేషం కూడా తానే వేసుకున్నారు. దర్శకుడూ ఆయనే. కిరీటం అటు పోయింది, ధూళిపాళ చేతికి పాచికలు వచ్చాయి.

అప్పటిదాకా తెరమీద శకుని అంటే ‘మాయాబజార్’లో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. చమత్కారి, కొంటెవాడు, చూస్తే నవ్వొచ్చే మేనమామ. కొత్త శకునికి మాత్రం గుండెలో మంట పెట్టారు. వ్యాసుడి భారతంలో లేని, జనం నోట బతికిన కథ ఒకటుంది: గాంధారరాజు కుటుంబాన్ని కౌరవులు చెరలో పెట్టి, ప్రాణం నిలవనంత కొద్దిగా తిండి పెడతారు. అందరూ తమ మెతుకులు శకునికే ఇచ్చి ఒక్కొక్కరే రాలిపోతారు. ఆ చచ్చినవాళ్ల ఎముకలే పాచికలవుతాయి. ఇది తెలిశాక జూదం సన్నివేశం మామూలుగా చూడలేం. మేనల్లుడి కోసం ఆడుతున్నవాడు మేనల్లుడి వంశానికే గొయ్యి తవ్వుతున్నాడు.

ధూళిపాళ గెలిచింది ఇక్కడే, నా ఉద్దేశంలో. దుర్యోధనుడి వేషానికి గొంతు చివరి వరుస దాకా పోవాలి. భుజాన గద, ఛాతీ నిండా ఊపిరి. ఆ గొంతునే కిందికి దించారు. రెండు అరచేతుల మధ్య పాచికలు నలుగుతుంటాయి, విసరడానికి ముందు చిన్న విరామం, కళ్లు మాత్రం పలక మీద కాక ఎదుటివాడి ముఖం మీద. మాట ఒక్క అక్షరం జారదు. పద్యం పాడి పాడి అరిగిన నాలుకకు తప్ప ఆ స్పష్టత రాదు. రారాజు ఎలా ఉబ్బుతాడో లోపలినుంచి తెలిసినవాడు కాబట్టే, ఆ ఉబ్బును ఎక్కడ పొడిస్తే పగులుతుందో ఈయన శకునికి తెలుసు.

1977లో ‘దానవీరశూరకర్ణ’కు మళ్లీ పిలుపు వచ్చింది. ఈసారి కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు ముగ్గురూ రామారావే. శకునిని మాత్రం మార్చలేదు. మాటలు కొండవీటి వెంకటకవివి. ఆయనదీ మన వైపు ఊరే, విప్పర్ల. ఇక ఊళ్లలో గొడవలు పెట్టేవాణ్ణి ‘శకుని మామ’ అని పిలిచినప్పుడల్లా జనం కళ్లముందు ధూళిపాళ ముఖమే ఆడింది. మంచి వేషాలూ చాలా వేశారు, కానీ ఆ పేరు మాత్రం వదల్లేదు.

ఆయనే ఆ పేరును పక్కన పెట్టారు. గుంటూరులో మారుతికి గుడి కట్టించారు. 2001లో కంచి జయేంద్ర సరస్వతి చేతుల మీదుగా సన్యాసం పుచ్చుకుని మారుతీ సేవేంద్ర సరస్వతి అయ్యారు. సుందరకాండను తెలుగు చేశారు. 2007 ఏప్రిల్ 13న కన్నుమూశారు.

అన్నట్టు, ‘శ్రీకృష్ణపాండవీయం’ 1966 జనవరి 13న విడుదలైంది, ‘దానవీరశూరకర్ణ’ 1977 జనవరి 14న. రెండూ సంక్రాంతికే, సరిగ్గా కోడిపందేల రోజుల్లో.