ఎర్రచందనం - రాతినేల

తిరుపతి నుండి తిరుమలకు పోయే ఘాటురోడ్డు ప్రక్కన కొండవాలును పరికించి చూస్తే రెండు విధాల రాళ్ళు ఒకదానిపై ఒకటి కనిపిస్తవి. క్రింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు. పైన పొరలు పొరలుగా ఉన్నది సుమారు 160 కోట్ల ఏళ్ళనాటి క్వార్ట్‌జైటు. ఈ పై శిలను భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ 1872లో ప్రకటించిన తన గ్రంథంలో నగరి కొండల పేరుతో వర్ణించాడు. ఎర్రచందనం కథకు మొదలు ఈ రాతిలోనే ఉన్నది.

గ్రానైటులోని ఫెల్‌స్పార్ చివికి బంకమన్ను అవుతుంది. అవుతూ పొటాషియంను నేలకు వదులుతుంది. క్వార్ట్‌జైటు దాదాపు అంతా సిలికాయే. యుగాల తరబడి ఎండకు ఎండి వానకు తడిసినా దానినుండి వచ్చేది ఇసుక, గులకరాయి. బంకమన్ను తక్కువైనచోట పొటాషియం, కాల్షియం నిలువలేవు, వాననీటితో కొట్టుకొనిపోతవి. ఉన్న కొద్దిపాటి భాస్వరాన్ని ఎర్రమట్టిలోని ఇనుము పట్టుకొని వేళ్ళకు సులభంగా అందనివ్వదు. వేరుసెనగ వేసే రైతు ఇట్టి నేలను చూచి పెదవి విరుస్తాడు. ఎర్రచందనం మాత్రం శేషాచలం, పాలకొండ, వెలిగొండ వాలులమీద ఇట్టి నేలనే ఆశ్రయించి బ్రతుకుతున్నది. నీరు నిలిచే నేల దానికి బొత్తిగా గిట్టదు.

ఈ చెట్టు చిక్కుడు కుటుంబానికి చెందినది. దాని వేళ్ళ బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తవి. ఆకు రాల్చేముందు చెట్టు అందులోని నత్రజనిని, భాస్వరాన్ని చాలవరకు కొమ్మలలోకి వెనుకకు తీసుకొంటుంది. కాండం నడుమ చెక్క చేవగా మారేటప్పుడు కూడ ఇదే పొదుపు. చచ్చిపోయే కణాలనుండి పోషకాలు వెలుపలి తెల్లచెక్కకు మరలిపోతవి. మిగిలిన పిండిపదార్థం రంగుపదార్థాలుగా మారి అక్కడ నిలిచిపోతుంది. ఆ ఎర్రరంగే శాంటలిన్. అందులో కర్బనం, ఉదజని, ఆమ్లజని తప్ప మరేమీ లేదు. అంటే, లోకం ఇంత వెల పెట్టి కొనే ఎరుపుకు ముడిసరుకు గాలి, నీరు మాత్రమే!

ఈ రంగుకోసమే ఎర్రచందనం శతాబ్దాల క్రితమే ఓడలెక్కింది. మధ్యయుగాలలో ఐరోపావారు వంటలకు కూడ దీనితో రంగు వేసేవారు. 1856లో క్లెగ్‌హార్న్ ఆధ్వర్యాన మద్రాసు అటవీశాఖ ఏర్పడింది. విచిత్రమేమంటే, ఆ ఏడే లండనులో పెర్కిన్ కృత్రిమ రంగును కనుగొన్నాడు. అయినను చెట్టుమీద ఆశ పోలేదు. తిరుపతి - కడప దారిలోని కోడూరువద్ద 1865లో తోటల పెంపకం ఆరంభమైనది. తరువాత కలపకే గిరాకి పెరిగి, దొంగనరుకుడు మితిమీరగా, 1995లో ఎర్రచందనం అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాకు ఎక్కింది.

ఇప్పుడు పొలాలలో ఈ చెట్టును నాటే రైతులున్నారు. లోతైన సారవంతపు నేలలో, నీటి వసతితో కాండం త్వరగా లావెక్కుతుంది. కాని ఆ లావులో పెద్ద భాగం తెల్లచెక్క; దానికి వెల లేదు. చేవ నిండడానికి దశాబ్దాలు పడుతుంది. కొండమీద చిక్కు వేరు. చెట్లు పోయి, వేసవి మంటలకు రాలిన ఆకు కాలితే అందులోని నత్రజని పొగతో పోతుంది, బూడిదలోని పొటాషియం మొదటి వానకే వాగు చేరుతుంది. జానెడు మట్టి కూడ లేని వాలుమీద ఆ ఆకే ఎరువు.