కుంచం కింద దీపం



మత్తయి 5:15లో దీపాన్ని కప్పే పాత్ర ఏది? 1522లో మార్టిన్ లూథర్ గారు జర్మను ప్రజలు ధాన్యం కొలిచే ‘షెఫెల్’ పేరు రాశారు. 1526లో టిండేల్ గారు ఇంగ్లీషులో ‘బుషెల్’ అన్నారు. మన బైబిలులో అది కుంచం. ఆ రెండు భాషల్లోనూ అది నానుడి అయింది: తనకున్న మంచిని దాచుకునేవాణ్ణి అలా అంటారు.

జర్మనీ దేశస్థులు బెంజమిన్ షుల్జ్ గారు మద్రాసులో సేవ చేస్తూ 1732 నాటికి బైబిలును తెలుగు చేశారు. అది అచ్చుకు నోచుకోలేదు. ఆ దీపం కుంచం కిందే ఉండిపోయింది.

ఇప్పుడు ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల్లో మనం వేరుశనగను కిలోల్లో తూస్తున్నాం. కుంచం చూడని మన పిల్లలకు ఈ మాట ఎవరు విప్పి చెప్పాలి? మనమే. ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలోనే చెబుదాం.

ఆమేన్.