యంత్రాల అరుగుదల - కెమేరా కన్ను

ఇంటింటా తిరుగలి తిరిగిన రోజులలో, రాయి అరిగిందని ఇల్లాలికి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. పిండి బరకగా పడటం మొదలుకాగానే ఆమె సంగతి గ్రహించేది. కక్కు కొట్టేవానికి కబురు వెళ్ళేది. అతడు వచ్చి ఉలితో రాతి ముఖాన గంట్లు పెట్టి పోయేవాడు. బండి ఇరుసు కిర్రుమనగానే రైతు కందెన వేసేవాడు. ఒరుసుకొనే వస్తువు ఏదైనా అరుగుతుందనీ, ఆ అరుగుదల ఏదో ఒక గుర్తుతో బయటపడుతుందనీ మనుష్యులకు అనాదిగా తెలుసు. కాని తిరుగలి ఆగితే ఒక పూట పిండి మాత్రమే ఆగుతుంది. రేవులోని యంత్రం ఆగితే ఓడ ఆగుతుంది. అది ఆగవలసిన వేళ ఆగక విరిగిపోతే ప్రాణాలే పోవచ్చు. అందుచేత భారీ యంత్రాల విషయంలో గుర్తు తనంత తాను బయటపడేవరకు వేచి ఉండటం తగదు. అరుగుదలను ముందుగా చూచి కొలవటానికి మానవుడు చేసిన ప్రయత్నాల చరిత్ర తెలుసుకోదగినది. ఆ చరిత్ర అవసరం విశాఖపట్నంలో స్పష్టంగా కనబడుతుంది.

1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అనే ఓడ విశాఖ లోపలి రేవులో ప్రవేశించింది. ఆ సంవత్సరం డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనంగా ప్రారంభించాడు. మూడు దశాబ్దాల అనంతరం రేవు స్వరూపం మారింది. బస్తరు ప్రాంతంలోని బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపటానికి, తూర్పు కనుమలను తొలుచుకుంటూ కొత్తవలస - కిరండోల్ రైలు మార్గం నిర్మించారు. రేవులో ఖనిజాన్ని దింపి, కుప్పపోసి, తిరిగి త్రవ్వి ఓడలకు ఎత్తే భారీ యంత్రాలు నెలకొన్నాయి. పెద్ద ఓడల కోసం 1976లో వెలుపలి రేవు సిద్ధమైంది.

ఈ ఖనిజం ఎర్రని హెమటైటు. ఇది గట్టి పదార్థం. సాధారణపు ఉక్కును గీకివేయగలదు. ఖనిజపు కుప్పను త్రవ్వే చక్రపు బకెట్ల పళ్ళు, ఖనిజం జారిపడే తొట్లలోని పలకలు, దాన్ని మోసే కన్వేయరు బెల్టులు - ఇవన్నీ రేయింబవళ్ళు ఒరపిడికి గురి అవుతాయి. 1953లో ఆర్చర్డ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ అరుగుదలకు ఒక సూత్రం చెప్పాడు. మీది బరువు పెరిగినకొద్దీ, జారిన దూరం పెరిగినకొద్దీ అరుగుదల పెరుగుతుంది. లోహం గట్టిదైనకొద్దీ తగ్గుతుంది. విశాఖలో దీనికి సముద్రపు ఉప్పుగాలి తోడవుతుంది. ఒరపిడి వల్ల లోహం పైపొర పోగానే లోపలి కొత్త పొరను తుప్పు పట్టుకుంటుంది. మెత్తబడిన ఆ తుప్పును ఒరపిడి మళ్ళీ రాల్చివేస్తుంది. ఈ రెండూ కలిసినప్పటి నష్టం విడివిడి నష్టాల మొత్తాన్ని మించిపోతుంది.

ఇట్టి యంత్రాలను కనిపెట్టి ఉండటానికి తొలినాళ్ళలో మనిషి ఇంద్రియాలే సాధనాలు. రైలు ఆగినప్పుడు సుత్తితో చక్రాలను తట్టి, ఆ మ్రోతను బట్టి పగులును పసిగట్టే పనివారు ఉండేవారు. బేరింగుపై చేయి వేసి వేడిని చూచేవారు. దీపం పట్టుకొని బెల్టు వెంబడి నడిచేవారు. ఈ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. మొదటిది, పనివాడు ప్రమాదానికి చేరువగా వెళ్ళవలసి ఉంటుంది; తిరుగుతున్న బెల్టు చేతిగుడ్డను పట్టుకుంటే చేతిని కూడా లాగివేస్తుంది. రెండవది, అరుగుదల మెల్లగా జరుగుతుంది. ప్రతిదినం చూచే కంటికి నిన్నటికీ నేటికీ తేడా తెలియదు.

కంటికి తెలియని ఆ తేడాయే ఎంత ప్రమాదకరమో 1842లో లోకానికి తెలిసింది. ఆ యేడు మే నెలలో ఫ్రాన్సులోని వెర్సాయి నుండి పారిస్‌కు వెళ్తున్న రైలింజను ఇరుసు విరిగి, మంటలు లేచి, 50 మందికి పైగా మరణించారు. తదనంతర దశాబ్దాలలో జర్మనీకి చెందిన వోలర్ రైలు ఇరుసులను పరీక్షించి, ఒక్కసారికి విరగని లోహం అదే బరువును లక్షలసార్లు మోస్తే విరుగుతుందని నిరూపించాడు. 1903లో ఈవింగ్, హంఫ్రీ అనే ఇద్దరు మరొక అడుగు ముందుకు వేశారు. వారు ఇనుపముక్కను పదే పదే వంచుతూ, మధ్యమధ్య ఆపి, సూక్ష్మదర్శినితో దాని ఉపరితలాన్ని పరిశీలించారు. మొదట సన్నని గీతలు కనబడ్డాయి. అవి వెడల్పయి చివరకు పగుళ్ళయ్యాయి. ఒకే చోటును పలుమార్లు చూచి పోల్చటంలోనే కిటుకు ఉన్నదని దీనివల్ల తేలింది. కెమేరా పద్ధతికి మూలసూత్రం ఇదే.

అయితే ఛాయాచిత్రాలను పోల్చి కొలవటం మనిషికి విసుగు పుట్టించే పని. చిత్రాన్ని అంకెలుగా మార్చగలిగినప్పుడే అది యంత్రానికి సాధ్యమైంది. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన పసిబిడ్డ ఫోటోను 176 వరుసలుగా, వరుసకు 176 చుక్కలుగా విడదీసి కంప్యూటరుకు ఎక్కించాడు. 1969లో బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్‌లు కనిపెట్టిన సి.సి.డి. అనే సాధనం, ఫిలిం లేకుండానే కాంతిని విద్యుత్తుగా మార్చే కెమేరాలకు దారితీసింది. ఈ చరిత్రలో తెలుగువారి పాత్ర కూడా కలదు. 1937లో ఆనాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి, 1979లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఏర్పడిన రోబోటిక్స్ సంస్థకు తొలి డైరెక్టరు. అదే విశ్వవిద్యాలయంలో 1981లో లూకస్, కనాడే అనేవారు రెండు చిత్రాల మధ్య ఏ భాగం ఎంత జరిగిందో లెక్కకట్టే పద్ధతిని ప్రకటించారు. అది నేటికీ వాడుకలో ఉన్నది.

ఈ పద్ధతి పనిచేసే తీరును బకెట్టు పంటి ఉదాహరణతో గ్రహించవచ్చు. కెమేరా 1 మీటరు వెడల్పు గల దృశ్యాన్ని 2,000 చుక్కలుగా విడదీస్తుందనుకొందాం. అప్పుడు ఒక్కొక్క చుక్క అర మిల్లీమీటరుకు సమానం. కొత్త పన్ను పొడవు 400 చుక్కలుండి, కొన్ని నెలలకు 360 చుక్కలయితే, అది 20 మిల్లీమీటర్లు అరిగిందన్నమాట. బెల్టు లోతును కొలవటానికి దానిపై అడ్డంగా సన్నని లేజరు గీతను ప్రసరింపజేసి ప్రక్కనుండి చూస్తారు. బెల్టు సమంగా ఉంటే గీత తిన్నగా ఉంటుంది. గుంట ఉన్నచోట వంగుతుంది. ఆ వంపును బట్టి లోతు తెలుస్తుంది. బెల్టు ఆగనక్కరలేదు, మనిషి దగ్గరకు వెళ్ళనక్కరలేదు.

కాని కెమేరా పొరబడటం కూడా కలదు. కాంతి మారినా, కెమేరా కొద్దిగా కదిలినా పోలిక తప్పుతుంది. ఎర్రధూళి అద్దాన్ని కప్పివేస్తుంది. వాననీటి చార పగులులాగ కనబడుతుంది. 2012 తరువాత వేలాది చిత్రాలను చూచి నేర్చుకొనే కంప్యూటరు పద్ధతులు బలపడి, ఈ పొరపాట్లు కొంత తగ్గాయి. ఐతే వాటికి బాగా అరిగిన భాగాల చిత్రాలు చాలినన్ని దొరకటం కష్టం. చక్కగా నడిచే కర్మాగారం ఏ భాగాన్నీ అంతవరకు రానివ్వదు కదా!

కోకు ఓవెనుల వద్ద చూపు అవసరం మరింత హెచ్చు. 1990లో తొలి బ్లాస్టు కొలిమి 'గోదావరి' వెలిగి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారంలో, బొగ్గును కోకుగా మార్చే ఓవెనులు 7 మీటర్ల ఎత్తు గలవి. ఇట్టి ఓవెనుల సిలికా ఇటుకలు ఒకసారి వేడెక్కిన తరువాత చల్లారితే కుంచించుకొని పగుళ్ళు తీస్తాయి. కాబట్టి దశాబ్దాల తరబడి వాటిని చల్లార్చరాదు; లోపలికి దిగి చూడటం అసంభవం. జపాను ఉక్కు సంస్థలు నీటితో చల్లబరచిన కెమేరాలను ఎర్రగా కాలుతున్న ఓవెనులలోకి పంపి, గోడల అరుగుదలను కొలిచే పద్ధతులను పెంపొందించాయి. విశాఖలో కూడా భారత సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ, ఉక్కు కర్మాగారం కలిసి 'కల్పతరు' పేరిట ఒక కేంద్రాన్ని నెలకొల్పాయి. పరిశ్రమల సమస్యలకు ఇట్టి నూతన సాధనాలతో పరిష్కారాలు వెదికే యువ సంస్థలకు అది ఆశ్రయమిస్తున్నది.

నిన్నటి రూపాన్ని మరువకుండా నేటి రూపంతో పోల్చటం కెమేరా చేయగల మేలు. 20 మిల్లీమీటర్లు అరిగిందని అది చెబుతుంది. ఆ పంటిని ఈ ఓడ నిండిన తరువాత మార్చవచ్చునా, లేక ఇప్పుడే యంత్రాన్ని ఆపవలెనా అన్నది ఆ యంత్రంతో ఏళ్ళ తరబడి పనిచేసినవారు తేల్చవలసిన విషయం. పిండి బరకను వ్రేళ్ళతో చూచి కక్కు కొట్టించిన ఇల్లాలి నేర్పు వంటిదే అది. కెమేరా ఆ నేర్పుకు కొలతను సమకూర్చి, దానితో పనిచేసే చేతిని అపాయానికి దూరంగా ఉంచుతున్నది.